గోడలు ఉపవాసమున్న పండుగ

మా అత్తమ్మ గోడలు పూయడం చూడాలంటే బతుకమ్మ పండుగకు ముందు మా ఊరికి రావాలి. భూపాలపల్లి దాటి కాళేశ్వరం పోయే దారిలో, అడవి అంచున ఉంటుంది మా ఊరు. నేను పుట్టింది జనగామలో, సున్నం వేయడానికి కూలీలను పిలిచే ఇంట్లో. గోడను చేత్తో పూస్తారని, అది కూడా ఒక విద్యేనని పెళ్లయ్యాకే తెలిసింది. అత్తమ్మ పుట్టిల్లు బయ్యారం పక్కన. అక్కడి మన్నులో ఇనుము ఉంటుంది, అందుకే అంత ఎరుపు. ఏటా పండుగకు ముందు ఆమె తమ్ముడు ఒక సంచి మన్ను బస్సులో వేసుకొని తెచ్చి ఇస్తాడు. దాన్ని నానబెట్టి, ఎర్రటి జాజు పొడి కలిపి, గుడ్డ ముంచి ఆమె గోడ మీద చెయ్యి తిప్పుతుంటే నేను పొయ్యి మీద కూర మరిచిపోయి చూసేదాన్ని. పూతలో ఒక్క గీత కనిపించదు. పక్క వాడల ఆడవాళ్లు పనిగట్టుకొని వచ్చి చూసి పోయేవారు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు, పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు ఉండేది.

ఆ గోడలకూ సర్కారుకూ పాత పేచీ. వానలు పడ్డాక చలిజ్వరాల ఊళ్లకు మందు కొట్టేవాళ్లు వస్తారు. వీపున పంపు, ముక్కుకు గుడ్డ. గిన్నెలు, బియ్యం, పక్కబట్టలు బయట పెట్టించి లోపలి గోడలన్నిటికీ మందు కొడతారు. కుట్టే దోమ ఆ గోడ మీద వాలితే చస్తుంది. మందు ఆరాక గోడ నిండా తెల్లటి చారలు మిగులుతాయి. అత్తమ్మ కొత్త కోడలుగా వచ్చినప్పటి నుంచీ ఒకటే తంతు. వాళ్లు పొద్దున కొట్టి పోవడం, వీళ్లు సాయంత్రానికల్లా అలికి పారేయడం. "పాపం కష్టపడి కొట్టి పోయెటోళ్లు, మేం మీదికెల్లి పూసుకునెటోళ్లం" అని నవ్వుతూ చెప్పేది. ఇన్నేళ్లలో మందులు మారాయి, దోమతెరలు పంచారు, ఇంటి ముందే వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్ష చేయడం వచ్చింది. ఎన్ని పథకాలు వచ్చినా, గోడ ఎవరి చేతిలో ఉందో ఆ ఆడమనిషిని కూర్చోబెట్టి ఎందుకు అలకవద్దో చెప్పినవాళ్లు మాత్రం నేను కాపురానికి వచ్చేనాటికి మా ఊళ్లో లేరు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా పెళ్లయిన ఏడాది కూడా అదే జరిగింది. మందు కొట్టిన సాయంత్రమే గోడలు ఎర్రగా మెరిశాయి. ఆ వానల్లోనే నాకు చలిజ్వరం పట్టింది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా వణుకు ఆగలేదు. దవాఖానకు చేరేసరికి ఐదో నెల కడుపు పోయింది. అలికినందుకే పోయిందని ఎవరూ అనలేదు. అనడానికి ఆధారమూ లేదు, ఏ దోమ ఎక్కడ కుట్టిందో ఎవరు చెప్పగలరు?

మరుసటి ఏడు మళ్లీ నెల తప్పాను. ఆసారి మందు కొట్టడానికి వచ్చినతను మహబూబాబాద్ వైపు మనిషి, వానకాలం కూలికి కుదిరినవాడు. పని అయ్యాక మంచినీళ్లు అడిగి తాగి, నన్ను ఒకసారి చూసి, అత్తమ్మతో అన్నాడు.

"అవ్వా, జర ఒక్క మాట ఇను. పండుగ దాటేదాక గోడ ముట్టకు. అలికితే మందు మన్ను కింద పడుతది, దోమ సక్కగ బతుకుతది."

"అంటే ఇన్నేండ్ల సంది మేం జేసింది..." అంటూ అత్తమ్మ ఆగిపోయింది.

"అయిపోయినదాని ముచ్చట ఎందుకవ్వా. గీసారి ముట్టకు."

అతను వెళ్లాక ఆమె గడపలోనే కూర్చుండిపోయింది. "బిడ్డా, నిరుడు గా మందును నేనే తుడిచిన్నా?" అని అడిగింది. "గట్లని నీకెవలు జెప్పిన్రు అత్తమ్మా" అంటూ పక్కన కూర్చున్నాను. ఇద్దరం కరువుదీరా ఏడ్చాం.

పండుగకు ఆమె తమ్ముడు మన్ను తెచ్చాడు. అత్తమ్మ సంచి మూతి విప్పకుండా తలుపు మూలన పెట్టింది. వాడంతా ఎర్రగా, తెల్లటి ముగ్గు అంచులతో కళకళలాడుతుంటే మా ఇల్లొక్కటే చారలతో వెలవెలబోయింది. బతుకమ్మలు పట్టుకొని పోతున్న ఆడవాళ్లు ఆగి మరీ అడిగారు.

"ఏందక్కా, గీయేడు చేతులు నొప్పివెట్టినయా?"

"నా గోడలు ఉపాసమున్నయి, మీ పని మీరు జూసుకోన్రి" అంది అత్తమ్మ.

ఆ పండుగ పొద్దున వాకిట్లో ముగ్గు వేసి, నేల అలుకుతూ గోడ మొదలు దాకా వచ్చింది. అలవాటు కొద్దీ తడిగుడ్డ పట్టిన చెయ్యి పైకి లేచింది. లేచిన చేతిని చూసుకొని, మెల్లగా దించి, కొంగుకు తుడుచుకుంది. జబ్బులను తరిమిన చరిత్ర అంటే టీకాలు, దవాఖానలు, సర్కారు హుకుములు అని బడిలో చదువుకున్నదాన్ని. ఆ చరిత్ర అంతా ఈ ముసలి చెయ్యి ఆగడం మీద నిలబడి ఉందని ఆ క్షణాన అనిపించింది. దండం పెట్టాలనిపించింది, పెడితే తిడుతుందని ఊరుకున్నాను.

చలికాలంలో భూపాలపల్లి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. మైల తీరే పురుడు రోజు ఇల్లంతా అలకాలి. గోడలు అట్లాగే ఉండడం చూసి వాడలోని పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"పురుడిల్లు గిట్ల ఉంచుతరా? పోచమ్మకు కోపమస్తది."

"నేల అలికిన. గోడల సంగతి పోచమ్మకు జెప్పుకున్న" అంది అత్తమ్మ. "ఆమె పిల్లల తల్లి గాదా, ఇన్నది."

పిల్లను చూడ్డానికి వచ్చిన ఆశా కార్యకర్త అక్క నవ్వింది. "మందు బలం ఎప్పుడో పోయింది అత్తా, ఇగ పూసుకో."

"పోయిందని నీకెర్క, నాకెర్క. దోమలకెర్కనా?"

చివరికి ఎండలు ముదిరాక ఆ సంచి విప్పింది. పొద్దంతా ఒక్కతే పూసింది, నన్ను గుడ్డ ముట్టనివ్వలేదు. సాయంత్రం పిల్లను తొట్టెలలో వేస్తూ చూశాను. ఇల్లంతా బయ్యారం ఎరుపు. తొట్టెల పైన మాత్రం చేటంత జాగా పాత చారలతో అట్లాగే ఉంది.

"అత్తమ్మా, గిక్కడ మర్సినవు" అంటూ గుడ్డ అందుకోబోయాను.

"మర్వలే" అంది, నా చెయ్యి పట్టుకొని. "గది పోయిన పిల్లది. ముట్టకు."