దేవుని గూట్లోని వత్తి

నా మొదటి బిడ్డ నడివేసవిలో పుట్టింది. హుజూరాబాద్‌లో మాది రేకుల ఇల్లు. ఆరు నెలలు తల్లిపాలే, చుక్క నీళ్లు కూడా వద్దని మా వాడకు వచ్చే ఆరోగ్య కార్యకర్త, ఆశ అక్క, కాన్పుకు ముందే చెప్పింది. బాపు దగ్గర ఇంట్లోనే అక్షరాలు నేర్చినదాన్ని. చెప్పిన మాట గట్టిగా పట్టుకోవడమే నా చదువు. నీళ్లు తాగించమని అత్తమ్మ రోజూ అనేది, నేను వద్దనేదాన్ని.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బిడ్డ పెదవులు ఆరినట్టు కనిపించాయి. నాకే గొంతెండుతుంటే దానికి పాలతో దాహం ఎలా తీరుతుంది? ఆయన మరమగ్గాల షెడ్డుకు, అత్తమ్మ దుకాణానికి పోయారు. పురుడు తీరనిదాన్ని, దేవుని గూడు ముట్టకూడదు. అయినా అత్తమ్మ చేసి గూట్లో పెట్టిన పత్తివత్తి ఒకటి తీసి, చక్కెర నీళ్లలో ముంచి బిడ్డ నోట్లో పెట్టాను. చప్పరించింది. మళ్లీ ముంచాను, మళ్లీ.

ఆ తర్వాత బిడ్డ రొమ్ము పట్టలేదు. పెట్టినప్పుడల్లా మూతి తిప్పుకుని మగతలోకి జారిపోయింది. పొద్దున్నుంచి తడిసినవి మూడే గుడ్డలు, రోజూ ఈ వేళకు ఆరైనా తడిసేవి. దేవుడు కోపగించాడనుకున్నాను. 

అత్తమ్మ వచ్చి చూసి, ఆశ అక్కను పిలుచుకొచ్చింది. ఆమె బిడ్డ మాడు తడిమింది.

"నోట్లె ఏం పోసిన్రు?"

నేను మంచం కిందికి చూశాను. మంచం కింది గిన్నెలో వత్తి తేలుతోంది. అత్తమ్మ అది చూసి, తనే జవాబిచ్చింది.

"నేనే. పానమాగక జర చక్కెర నీళ్లు చప్పరిచ్చిన."

"'నా కొడుక్కు పోస్తే బతకలేదా' అంటవ్ గదా, పెద్దమ్మా. బతకని పిల్లల ఇండ్లకు పోయొచ్చేది నేను."

చిన్న పొట్ట నీళ్లతో నిండితే పాలకు చోటుండదనీ, దాహానికి కావలసిన నీళ్లు పాలలోనే ఉన్నాయనీ చెబుతూనే, ఆశ అక్క బిడ్డ బట్టలు విప్పి నా ఛాతీకి ఆనించింది. పాలచుక్క పిండి దాని పెదవికి రాసింది. దీపాల వేళకు తాగకపోతే కరీంనగర్ పెద్దాసుపత్రికే అంది. అత్తమ్మ సంచీ సర్దింది.

ఎదురుచూశాం. దేవుణ్ణి అడగడానికి కూడా నాకు మొహం లేదు. వాకిట్లో ఎండ గోడెక్కుతుండగా బిడ్డ నోరు తెరిచింది. ఒకసారి జారింది. రెండోసారి పట్టింది. గుటక వినబడింది.

ఆశ అక్క వెళ్లాక, నా తప్పు నీ మీద ఎందుకేసుకున్నావని అత్తమ్మను అడిగాను.

"నాకు తిట్లు అలవాటే. నువ్వు బుగులువడి బెదిరితే పాలు దిగయి," అంది.

అంతలో నా ఒళ్లో వెచ్చగా తడిసింది. నాలుగో గుడ్డ. దాన్ని అత్తమ్మ చేతికిచ్చి, ఆ చేతినే కాసేపు కళ్లకద్దుకున్నాను.