అమ్మకానికి కాని పాలు

మా ఇంట్లో పాలు అమ్మరు. ఇప్పుడు అమ్మడానికి గేదెలే లేవు గనక ఈ మాట చెప్పుకోవడం తేలికేనని ఎవరైనా అనుకోవచ్చు. గేదెలు ఉన్న రోజుల్లోనూ అమ్మలేదు. ఊళ్ళోకి పాలకేంద్రం వచ్చాక పొద్దున్నే అందరూ క్యాన్లు మోసుకుపోతుంటే, మా నాన్న వీధి అరుగు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ వక్కపలుకు నములుతూ ఉండేవాడు. గురజాల కోర్టు వాయిదాలకు మాగాణి అమ్మాడు. మిరపకు తెగులొచ్చిన ఏడు ఊరి పక్క చేను అమ్మాడు. పాలు మాత్రం అమ్మలేదు. చేను అమ్మి మేత కొని, ఆ మేత తిన్న గేదెల మజ్జిగ వీధికి ఊరికే పోసిన ఇల్లు మాది. దాన్ని తెలివితక్కువతనం అనేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. నేను అనను.

కవ్వం ఆగేసరికి పెరటి గుమ్మం దగ్గర ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని నిలబడేవాళ్ళు. పోసేది మా అమ్మ. కాపురానికి వచ్చిన కొత్తలోనే వాళ్ళ అత్తగారు ఆమెకు ఒక పద్ధతి నేర్పింది. పోసేటప్పుడు చెంబు చూడాలి, మొహం చూడకూడదు. తీసుకునే మనిషి ఏ అవసరంలో వచ్చిందో మనకెందుకు, చెంబు నిండిందా లేదా అన్నదే మన పని అని ఆవిడ లెక్క. మా అమ్మ దాన్ని ఎంత నిష్ఠగా పాటించిందంటే, వీధిలో చాలామంది ఆమెకు మొహంతో కాక చెంబుతో గుర్తు. ఇప్పటికీ ఎవరి గురించి చెప్పినా ముందు చెంబు చెప్పాలి. మాట్లేసిన చెంబు వాళ్ళు, మూతి వంకర చెంబు వాళ్ళు అంటే తప్ప ఆమెకు మనుషులు తట్టరు.

నాన్న పోయాక ఆఖరి గేదె కూడా పోయింది. నా భార్య అంతకుముందే పోయింది. నేను నరసరావుపేటలో ఒక కోల్డు స్టోరేజీలో గుమాస్తాగా చేస్తున్నాను. సాయంత్రం బస్సు దిగేటప్పుడు నా చేతిసంచిలో పాల ప్యాకెట్టు ఉంటుంది, దాని మీద తువ్వాలు ఉంటుంది. అమ్మ దాన్ని వంటింట్లోకి తీసుకుపోయి, కత్తిరించి, ఇత్తడి తపేలాలో పోసి, ఖాళీ కవరు పొయ్యిలో వేశాక గానీ బయటికి రాదు. మా ఇంట్లో పాలు తపేలాలోనే కనిపించాలి.

ఇట్లా నడుస్తుండగా కిందటేడు నా కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అత్తగారిది రాజుపాలెం దగ్గర ఊరు. ఏడో నెలలో వాళ్ళు తెచ్చి దింపి వెళ్ళారు. మనవరాలు బస్సు దిగిన దగ్గర్నుంచి అమ్మ నడకే మారిపోయింది. పుట్టింటి తిండి తిని పిల్ల ఒళ్ళు చేయాలి, రేపు అత్తగారు వచ్చి చూసి మాట రాక నిలబడాలి. ఆమె పట్టుదల అది.

నరసరావుపేట ఆస్పత్రిలో పరీక్ష చేస్తే పిల్లకు రక్తం బాగా తక్కువ ఉందన్నారు. డాక్టరమ్మ మాత్రలు రాసింది. పాలు, గుడ్డు, పప్పు రోజూ కడుపులో పడాలంది. వచ్చే నెలకు కూడా ఇలాగే ఉంటే గుంటూరు పంపి రక్తం ఎక్కించాల్సి వస్తుందని, కాన్పు కష్టమవుతుందని నిదానంగా చెప్పింది. చివర్లో, మీ వీధి అంగన్‌వాడీలో పేరు రాయించుకోండి, పాలు ఇస్తారు అంది.

"మాకు పాలకు కొదవ లేదండీ" అన్నాను.

నా కూతురు నా వంక చూసి తల తిప్పుకుంది. తిరుగు బస్సులో నేను సీటుకు వెనక్కి ఆనలేదు. అది కోపం వల్ల కాదు. మా వంశంలో ఎవరమూ ఆనుకుని కూర్చోం.

మర్నాటి నుంచి పక్క ఊళ్ళో తెలిసిన వాళ్ళ ఇంటికి వెళ్ళి చిక్కటి గేదె పాలు తేవడం మొదలుపెట్టాను. అమ్మ వాటిని ఎర్రగా కాచి, మీగడతో సహా గ్లాసులో పోసి ఇచ్చేది. పిల్లకు ఆ వాసనే పడలేదు. రెండు గుక్కలు తాగి పెరట్లోకి పరుగెత్తేది. అమ్మ శొంఠి వేసింది, యాలకులు వేసింది, బెల్లం కలిపింది. ఏం కలిపినా పరుగు తప్పలేదు. చేతి గాజులు మోచేతి దాకా పోతున్నాయి. వచ్చే నెల పరీక్ష ముంచుకొస్తోంది.

అప్పుడు అంగన్‌వాడీ టీచరు మా ఇంటికి వచ్చింది. మా వీధి మనిషే, మా అమ్మను పెద్దమ్మా అని పిలుస్తుంది. చేతిలో ఫోను, చంకలో సంచి. అరుగు మీద కూర్చోమన్నాను. అమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఎవరే?" అంది.

"నేనే పెద్దమ్మా. సొట్ట చెంబు వాళ్ళ అమ్మాయిని" అంది టీచరు, నవ్వాపుకుంటూ.

"అట్టా చెప్పు. మీ అమ్మ ఆ చెంబు మార్చిందా?"

"మార్చలా. అదే సొట్ట, అదే చెంబు. సరేగానీ, పిల్లని రేపు కేంద్రానికి పంపించండి. పేరు ఎక్కిచ్చుకుంటా. పాలు, గుడ్లు, పప్పు, నూనె వస్తయి."

"మా పిల్లకా?" అంది అమ్మ. "మజ్జిగ పోసిన గుమ్మం ఇది. ఈ గుమ్మం పిల్ల వరసలో నిలబడి పాలు పట్టుకోవాలా? రేపు వాళ్ళ అత్తకి తెలిస్తే ఏమనుద్ది? పుట్టింటోళ్ళు సర్కారు పాలు పోసి పంపారనదూ?"

నేను పక్కనే ఉన్నాను. అమ్మ అన్నదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు.

లోపలి నుంచి నా కూతురు వచ్చి గుమ్మానికి ఆనుకుంది. "నాయనమ్మా, అక్కడ మా అత్తే నన్ను తీసకపోయేది" అంది.

"యాడికి?"

"అంగన్‌వాడీకి. ఆమే సంచి పట్టుకుని ముందు నడిచేది. ఆ పాలు నాకు బాగానే ఇముడుతయి. పల్చగా ఉంటయి, వాసన రాదు."

అమ్మ, "వాళ్ళకేం, వాళ్ళు నిన్నగాక మొన్న లేచినోళ్ళు" అంది. అయితే ఆ మాటలో బలం లేదు. టీచరు సంచిలోంచి ఒక ప్యాకెట్టు తీసి అరుగు మీద పెట్టింది. అది మేం కొనే మెత్తటి కవరు లాంటిది కాదు. అట్టతో చేసిన డబ్బా లాగా, ఇటుక ముక్కలా నిలబడింది.

"తాగితే తాగండి, లేకపోతే లేదు. ఇది నా వాటాది" అని వెళ్ళిపోయింది.

అమ్మ కళ్ళజోడు తెచ్చుకుని దాన్ని తిప్పి తిప్పి చదివింది. పెద్ద అక్షరాలే అయినా కూడబలుక్కుంటుంది. ఒక చోట వేలు పెట్టి ఆగింది. "అమ్మకానికి కాదు" అని పైకి చదివింది. "ఇదేందిరా, అబ్బాయ్?"

ఆ సంగతి నాకు తెలుసు. కోల్డు స్టోరేజీ పక్కనే గోడౌన్లు ఉన్నాయి, లారీలు చూస్తుంటాను. సర్కారు టెండరు పిలుస్తుంది, ఎవరో డెయిరీ వాళ్ళు తక్కువకు పాడుకుంటారు. ఊరూరా పాలు సేకరించి, బాగా కాచి, గాలి చొరకుండా అట్టపెట్టెల్లో మూసి పంపుతారు. లారీలో వచ్చి, ఆటోలో ఊళ్ళకు పోయి, ఇట్లా అరుగుల మీదికి చేరతాయి. నెలల తరబడి చెడవు. మధ్యలో ఎవరూ అంగట్లో పెట్టి అమ్ముకోకుండా ఆ మాట అచ్చేస్తారు. ఇదంతా అమ్మకు చెప్పాను.

"ఎవరి గేదెలయి?"

"ఎవరివైనా కావచ్చు. రొంపిచెర్ల వైపువి కావచ్చు, సత్తెనపల్లి వైపువి కావచ్చు. ఆవు పాలూ కలుస్తాయి."

"సర్కారు వాటిని డబ్బిచ్చి కొనుద్దా?"

"కొంటుంది."

"కొని, ఊరికే పోసుద్దా?"

"ఊరికే."

"అమ్ముకోరూ?"

"అమ్ముకోరు. దాని మీదే రాసి ఉందిగా."

అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ప్యాకెట్టు పట్టుకుని వంటింట్లోకి పోయింది. కాసేపటికి పాలు కాగుతున్న వాసన వచ్చింది. హమ్మయ్య, పిల్ల తాగుతుంది అనుకున్నాను. తాగలేదు, ఎందుకంటే అమ్మ ఇవ్వలేదు. ఏ పాలైనా ముందు తోడు పెట్టి చూడందే ఆమె నమ్మదు. మా ఇంట్లో కొత్తగా ఈనిన గేదెకు కూడా అదే పరీక్ష ఉండేది. మీగడ ఎంత మందం కట్టిందో చూసి గేదెకు పేరు పెట్టేది. ఆ పరీక్ష సర్కారుకూ పెట్టింది.

పొద్దున చూస్తే పెరుగైతే తోడుకుంది. మీగడ మాత్రం రేకంత కూడా కట్టలేదు. అమ్మ గరిటెతో అటూ ఇటూ గీసి చూసి తపేలా నా ముందు పెట్టింది.

"చూడరా. మీగడంతా వాళ్ళే ఉంచుకున్నారు."

ఆవేళ టీచరు దారిన పోతూ పలకరించింది. "ఏంది పెద్దమ్మా, పిల్ల తాగిందా?"

"యాడ తాగుద్ది? తోడు పెట్టా. మీ సర్కారుకి మీగడ రాలా."

టీచరు అరుగు పట్టుకుని నవ్వింది. "పిల్ల నోట్లో పడాల్సిన పాలు పెరుగు చేశావా? మీగడ లేబట్టే గదా ఆమెకి ఇముడుతున్నయి. మీగడ పాలు పోసి నువ్వు పెరట్లోకి పరిగెత్తిస్తన్నావు."

అమ్మకు ఎదురు మాట చెప్పగలిగినవాళ్ళు మా వీధిలో తక్కువ. ఆమె మనవరాలి వైపు చూసింది. పిల్ల అరుగు చివర కూర్చుని గాజులు పైకి లాక్కుంటోంది. అవి మళ్ళీ జారాయి. అమ్మ ఆ గాజుల్నే చూస్తూ ఉంది. ఆమె కళ్ళు మనిషిని తప్పించుకుని వస్తువు మీద నిలబడితే, లోపల ఏదో తేలిపోయిందని నాకు తెలుసు.

"ఏమే, లే" అంది. "తల దువ్వుకో. పోదాం."

ముగ్గురం బయల్దేరాం. అమ్మ చంకలో ఇత్తడి తపేలా, దాని మీద మూత. కేంద్రం మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, పాత బడి గదిలో ఉంది. గోడల మీద పళ్ళ బొమ్మలు, మూలన పిల్లల్ని తూచే కాటా, పొయ్యి మీద పప్పు. నలుగురైదుగురు ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. అమ్మను చూడగానే చటుక్కున లేచారు. "కూర్చోండే, నేనేమన్నా కలెక్టర్నా" అంది అమ్మ. తను మాత్రం కూర్చోలేదు.

టీచరు ఫోను తీసింది. "పిల్ల మొహం ఇట్టా తిప్పు."

"మొహం ఎందుకు?" అంది అమ్మ, గట్టిగా.

"ఫొటో తీయాలి పెద్దమ్మా. మొహం పట్టుకుంటేనే పేరు ఎక్కుద్ది. అప్పుడే పాలు ఇయ్యాలి."

"పాలు పోయటానికి మొహం చూడటం ఏందే? ఎవరు నేర్పారు నీకు? మీ అమ్మ వచ్చినప్పుడు నేను ఒక్కరోజన్నా తలెత్తి చూశానా?"

పొయ్యి మీద పప్పు చప్పుడు వినిపిస్తోంది. ఇక వెనక్కి తిరిగిపోతాం అనుకున్నాను. అమ్మ తిరిగితే నేనూ తిరుగుతాను, పిల్ల కాన్పు ఎట్లా అన్నది ఆ గదిలోనే ఉండిపోతుంది.

టీచరు నొచ్చుకోలేదు. ఫోను కాస్త కిందికి దించి నెమ్మదిగా చెప్పింది. "చూడలా పెద్దమ్మా. నాకు తెలుసు. అమ్మ కొంగు పట్టుకుని నేనూ వచ్చేదాన్ని గదా. ఇప్పుడు మాత్రం నేను చూస్తన్నానా? మొహం ఫోను చూసుద్ది. నేను తపేలానే చూస్తా. సరేనా?"

అమ్మ మూత తీసి తపేలా ముందుకు చాపింది.

టీచరు చెయ్యి చాపి ఫోను పిల్ల వైపు పెట్టి, తను మాత్రం తల పక్కకు తిప్పుకుంది. కళ్ళు ఆర్పమని ఫోను అడిగింది. పిల్ల ఆర్పింది. మళ్ళీ అడిగింది. ఎదురుగా టీచరు గోడ మీది అరటిపండు బొమ్మను చూస్తూ ఫొటో తీస్తుంటే పిల్లకు నవ్వాగలేదు, నవ్వుతుంటే ఫోను మొహాన్ని పట్టుకోలేదు. చాప మీది వాళ్ళు కూడా నవ్వడం మొదలుపెట్టారు. చివరికి ఎట్లాగో పట్టుకుంది. అప్పుడు టీచరు వంగి, ఒక్కొక్క ప్యాకెట్టూ తపేలాలో పేర్చింది. అంతసేపూ చూపు ఇత్తడి అంచు దాటలేదు. తపేలా నిండాక, "నిండింది పెద్దమ్మా" అంది. అచ్చం మా పెరటి గుమ్మంలో అమ్మ అనే మాట అది.

అమ్మ మూత పెట్టుకుని ఇంటికొచ్చింది. ఆ పూట పాలు తోడు పెట్టలేదు. పిల్ల గ్లాసు ఖాళీ చేసింది, పెరట్లోకి పరుగెత్తలేదు. మధ్యాహ్నం అమ్మ మా కరివేపాకు చెట్టు కొమ్మ వంచి ఆకు కోసి, కేంద్రం పప్పులోకి అని కట్టగట్టి పంపింది. తర్వాత ఆకు పంపని రోజు లేదు. చెట్టు సగం బోడిదైంది.

నెల తిరిగి ఆస్పత్రికి వెళితే రక్తం పెరిగిందన్నారు, గుంటూరు పోనక్కర్లేదన్నారు. వస్తూ వస్తూ బస్సులో పిల్ల నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను మామూలుగానే కూర్చున్నాను.

కాన్పు నరసరావుపేటలోనే సుఖంగా అయింది. ఆడపిల్ల. వియ్యపురాలు చూడటానికి వచ్చి, ఏ పాలు పోశారు పిన్నిగారూ, కోడలు నిగనిగలాడుతోంది అని అమ్మను అడిగింది. అమ్మ, తపేలాలో పాలే అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

బాలింతకు కూడా పాలు వస్తాయి గనక అమ్మ తపేలాతో వెళ్ళడం మానలేదు. మొన్నొకరోజు నేను అరుగు మీద ఉండగా కేంద్రం నుంచి తిరిగి వస్తోంది. తపేలా మీద మూత లేదు. అట్టపెట్టెలు ఎండలో మెరుస్తూ వీధంతటికీ కనిపిస్తున్నాయి. ఎదురింటావిడ చీపురు ఆపి, "ఏంది పెద్దమ్మా, పాలా?" అని అడిగింది.

"పాలే" అంది అమ్మ, ఆగకుండా నడుస్తూ. "అమ్మేవి కాదు."