చావింట్లో వైఫై

మా అమ్మ చావును నా చేతులతో నేనే ఎట్లా ఆగం చేశానో చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు శవం పక్కనే నవ్వినవాళ్ళున్నారు, మీదేముంది!

అచ్చంపేట దగ్గర మా ఊరు. చెల్లెలు రేణుక బొంబాయిలో బిల్డింగు పనికి పోయింది. అమ్మ మంచాన పడ్డాక, అది రోజూ ముఖం చూసుకుంటుందని ఇంట్లో నెట్ పెట్టించాం. అమ్మ పోయిన రోజు ఫోన్ చేసి ఒకటే ఏడుపు.

"అక్కా, నేనొచ్చేసరికి రేపైతది. ఒక్కపారి అమ్మ ముఖం చూపెట్టు. చెవుల ఒక మాట చెప్పేదుంది. చెప్పకపోతే నాకు జిందగీల నిద్ర పట్టదే."

నాలుగింటికి ఎత్తాలన్నారు పెద్దమనుషులు. అప్పటికి రెండైంది. రెండు గంటలంటే బోలెడు కదా అనుకున్నాను.

ఊరంతా వచ్చింది. చావింట్లో పొయ్యి వెలగదు. వచ్చినవాళ్ళకు చాయ్ కూడా పోయకూడదు. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తచేతులతో కూర్చోబెట్టడం నావల్ల అవుతుందా? అందుకని వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాను.

ఇక వీడియో పెడితే చూడాలి! రేణుక ముఖం గళ్ళు గళ్ళుగా వచ్చి, నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. అమ్మ కంటే అదే ఎక్కువ బిగుసుకుపోయింది.

"అక్కా... అమ్మ... కనవడ..."

లోపలికి పోయి వైఫై డబ్బాను దులిపాను. దిష్టి కూడా తీశాను, ఎవరికీ చెప్పకండి. మూడున్నరైంది. బయట పాడె కట్టేశారు, డప్పు మొదలైంది. అప్పుడొచ్చాడు యాదయ్య, మా ఇంటికి నెట్ పెట్టినవాడు, పాపం దండ పట్టుకుని.

"ఎంతమందికి ఇచ్చినవక్కా?"

"అడిగినోళ్ళకు."

"అడగనోళ్ళకు?"

"వాళ్ళకు నేనే పిలిచి ఇచ్చిన."

దండ నా చేతిలో పెట్టి తల పట్టుకున్నాడు. "నల్లా ఒక్కటే అక్కా. నలభై బిందెలు పెడితే నీ బిందెల చుక్క పడ్తదా? ఆళ్ళు సినిమాలు దించుకుంటున్నరు. పైంగ డబ్బానేమో గోడ అవతల, ఇనుప బీరువా ఎనుక పెడితివి. అమ్మేమో వాకిట్ల ఉండె. గిట్లైతే ఎట్ల వస్తది?"

డబ్బాను గడప దగ్గరికి లాగి, పాస్‌వర్డ్ మార్చాడు. వాకిట్లో నలభై తలలు ఒక్కసారి పైకి లేచాయి. పొద్దుటి నుంచి అప్పుడే అందరూ అమ్మ వంక చూశారు.

బొమ్మ వచ్చింది. ముక్కులో పెట్టిన దూది పోగులు కూడా కనబడేంత సాఫుగా వచ్చింది. రేణుక తనివితీరా ఏడ్చింది. "ఇగ చెవి దగ్గర పెట్టి, నువ్వు జర దూరం జరుగక్కా."

అమ్మకు బతికున్నప్పుడే చెవులు సరిగ్గా వినబడేవి కావు. ఇప్పుడేం వినబడుతుందని, స్పీకర్ పెట్టి సౌండ్ మొత్తం పెంచాను.

"అమ్మా, మన ఎర్రకోడిని శాంతమ్మత్త ఎత్తుకపోలే. నేనే సంతల అమ్మి గాజులు కొనుక్కున్న. నువ్వు కొడ్తవని చెప్పలే."

డప్పు ఆగిపోయింది. పాడె మోసేవాళ్ళలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. ఆ కోడి కోసమే అమ్మ పక్కింటి శాంతమ్మత్తను దొంగ అని, ఇరవై ఏళ్ళు ముఖం చూడలేదు. చివరి చూపుకని వచ్చిన శాంతమ్మత్త అమ్మ కాళ్ళ దగ్గరే కూర్చుని ఉంది. లేచి ఫోను దగ్గరికొచ్చింది.

"బిడ్డా రేణుకా, లైను మంచిగనే ఉందా?"

"ఉం... ఉందత్తా."

"అయితే ఇంకోపారి చెప్పు. మా ముసలాయన అరుగు మీదున్నడు, ఆయనకు వినరాలే."

చెప్పింది. శాంతమ్మత్త అమ్మ పాదం పట్టుకుని, "వింటివా వదినె, వింటివా!" అంటూ ఏడ్చిన ఏడుపుకు పాడె ఐదైనా లేవలేదు.

అమ్మ మట్టి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ ప్రాణం ఉన్నంతవరకు మా ఇంటి పాస్‌వర్డ్ గడప దాటదు, శాంతమ్మత్తకు తప్ప. మార్చినప్పుడల్లా నేనే వెళ్ళి ఆమెకు చెప్పి వస్తాను. ఆమెకు ఫోను లేదు. అయినా చెప్పి వస్తాను.