అర తలకు అరవై ఆరు చెంబులు

రెండో ప్రపంచ యుద్ధం మొదలు కావడానికి రెండేళ్ల ముందు, ఆడి కృత్తిక పండగ ఇంకో పది రోజులు ఉందనగా నన్ను తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి మార్చారు. గుడి కొండ కింద, తలనీలాలు ఇవ్వడానికి వచ్చే యాత్రికులు దిగే ఒక సత్రంలో నీళ్ల మేస్త్రి పని. నా కింద ఎనిమిది మంది ఆడవాళ్లు. బావి నీళ్లు తోడి స్నానాల కొట్టానికీ మరుగుదొడ్లకూ అందించాలి, రెండింటినీ కడగాలి. నా పైన ఓవర్‌సీరు, ఆయన పైన ఇంజనీరు. ఇంజనీరు కాగితం మీద గీస్తాడు, ఓవర్‌సీరు ఆ కాగితం చూసి పని చేయిస్తాడు. మాకు కాగితంతో పని లేదు.

ఆ ఏడు సత్రంలో కొత్తగా సెప్టిక్ ట్యాంకు కట్టారు. అది భూమిలో ఇటుకలతో కట్టి మూత వేసిన తొట్టి. మరుగుదొడ్ల నీళ్లు, స్నానాల నీళ్లు ఒకే కాలువలో అందులోకి పోతాయి. ఒక పగలూ ఒక రాత్రీ నిలిస్తే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీళ్లు అవతలి ఇంకుడు గుంతలోకి పోతాయి. నీళ్లు ఎక్కువై తొందరగా బయటపడితే మడ్డి కూడా వాటి వెంటే పోతుంది. గుంత పొర్లితే పల్లం మా బావి వైపే. సత్రంలో వంటకూ తాగడానికీ ఆ బావి ఒక్కటే.

తొట్టి ఎంత ఉండాలో లెక్క కట్టడం కష్టమేమీ కాదని ఓవర్‌సీరు చెప్పాడు. ఎంతమంది, తలకు ఎన్ని నీళ్లు, ఎంతసేపు నిలవాలి, ఈ మూడూ తెలిస్తే చాలు. పిల్లలను అర తలగా కట్టి మొత్తం నాలుగు వందల తలలు. తలకు రోజుకు ఐదు గాలన్లు. ఒక రోజు నిలవ. రెండు వేల గాలన్ల తొట్టి. కిరసనాయిలు డబ్బాకు నాలుగు గాలన్లు పడతాయి కాబట్టి నాకు లెక్క అర్థమైంది. పండగనాడు అది చాలదని కూడా అర్థమైంది. ఆ మాటే అన్నాను.

"మేస్త్రమ్మా, వేలిముద్ర వేసేదానివి, ఇంజనీరు లెక్కకు తప్పు పడతావా?" అని ఓవర్‌సీరు నవ్వాడు. నవ్వు ఆపి ఇంకో మాట కూడా అన్నాడు. తొట్టి పొర్లిందంటే మా ఆడవాళ్లు నీళ్లు పారబోసినట్టే లెక్క, కృత్తిక మరునాడు తొమ్మిది మందీ ఇళ్లకు పోవలసిందే అని. మాలో నలుగురికి ఆ కూలి తప్ప వేరే దారి లేదు.

పండగ రెండు రోజులు ఉందనగా పళ్ళిపట్టు నుంచి మూడు బండ్లలో ఒక కుటుంబం దిగింది. ఇరవై మంది చుట్టాలు, ఏడాది పాప. పాపకు మొట్ట, అంటే మొదటి గుండు, కొట్టించాలని వచ్చారు. ఈ ఒక్క స్నానం కూర్చుని చూడమని ఓవర్‌సీరును బతిమాలాను. నన్ను అందరి ముందూ ఓడించవచ్చని కాబోలు, కుర్చీ వేయించుకుని పుస్తకం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు.

పాపను మామ ఒళ్లో పెట్టి గుండు గీశారు. మా వైపు ఆ తరువాత ఒక పద్ధతి ఉంది. వచ్చిన చుట్టాలందరూ బిడ్డ తల మీద మూడేసి చెంబులు పోయాలి. పోయనివాడు చుట్టం కాడు. ఓవర్‌సీరు చెంబుకొక గీత గీస్తూ పోయాడు. ఏడో చుట్టం దగ్గర పెన్సిలు మొద్దుబారింది. తొమ్మిదో చుట్టంగా పాప చిన్నత్త పోయడం అయ్యాక తగాదా వచ్చింది.

"పెద్దత్తను నేను నిలబడుండంగా నువ్వెట్ల ముందు పోస్తివే?"

"నువ్వు యాడుండావో ఎవురు చూసినారు?"

చిన్నత్త పోసిన మూడూ చెల్లవని తేల్చి, పెద్దత్త తరువాత మళ్లీ పోయించారు. మా వాళ్లు బావికీ కొట్టానికీ పరుగులు. బిడ్డకన్నా ముందు మామకు వణుకు పట్టింది.

అందరూ అయ్యాక పాప అవ్వ కళ్లు కుర్చీ మీద పడ్డాయి.

"ఏమప్పా, పిల్లకి నువ్వేమైతావు? మామ వరసా? కుర్చీ ఏసుకోని ఊరికే కూచోనుండావే!"

లెక్క పెడుతున్నానని ఓవర్‌సీరు చెప్పాడు.

"నీళ్లు పోసేదానికి లెక్కేంది? లెయ్, లెయ్. ఇంతసేపు చూసి పొయ్యకుండా పోతే బిడ్డకి దిష్టి."

ఆయన పుస్తకం కుర్చీలో పెట్టి, లేచి మూడు చెంబులు పోశాడు.

"సరి, ఇంక నువ్వూ చుట్టమే. చెవులు కుట్టేనాటికి రా. చేతులూపుకుంటా రావాకు."

వెనక్కి వచ్చి తన మూడు గీతలు తనే గీసుకున్నాడు. అరవై ఆరు. మా చెంబులు నాలుగైతే గాలన్. పదహారున్నర గాలన్లు. కాగితం మీద ఆ పాప అర తల, రెండున్నర గాలన్లు. ఆయన ఒకసారి చెరిపి మళ్లీ వేశాడు. అంతే వచ్చింది. పోసిన ఇరవై మందీ ఇంకా స్నానాలు చేయనేలేదు.

"కృత్తిక నాడు మన సత్రంలో ఎన్ని మొట్టలుంటాయి?" అని అడిగాడు.

"మంగలోళ్లను కనుక్కుంటి సార్. పిల్లోళ్లవే అరవైకి తక్కువుండవంట. అన్నీ పొద్దున పది గంటల్లోపలే."

తడిసిన కుర్చీలోనే కూలబడ్డాడు.

తొట్టిని పెంచే వ్యవధి లేదు. స్నానాల నీళ్లలో ఉండేది మట్టి, వెంట్రుకలే కదా, వాటికి తొట్టి ఎందుకు, వెనక అరటి తోటకు మళ్లిద్దాం అన్నాను. ఇంజనీరు సంతకం లేకుండా ఒక్క ఇటుక కూడా జరపకూడదన్నాడు.

"ఇటుక జరపం సార్. స్నానాల నీళ్లు కాలవలో కలిసేచోట బంకమట్టి అడ్డం పెడతాం."

డ్రాయింగు విప్పి చాలాసేపు చూశాడు. "మట్టి గురించి ఇందులో ఏమీ లేదు," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే పారలు పట్టి తోటలోకి మట్టి కాలువ తీశాం. ఆ కాలువ మొదట్లో వెంట్రుకలు ఆగడానికి వెదురు గంప పెట్టాం. పండగనాడు ఆ గంపను గంటకోసారి ఎత్తి దులపడానికే ఒక మనిషిని నిలబెట్టాను.

పండగనాటి మధ్యాహ్నం ఇంజనీరు వచ్చాడు. మూత తీయించి, వెదురు కర్ర ముంచి చూశాడు. అవతల తేరిన నీళ్లు సన్నగా పోతున్నాయి.

"చూశారా? తలకు ఐదంటే ఐదే. లెక్కంటే ఇట్లా ఉండాలి," అన్నాడు. ఓవర్‌సీరు నా వైపు చూశాడు. నేను అరటి చెట్ల వైపు చూశాను. ఇంజనీరు కూడా అటే చూసి, తోట ఇంత తడిగా ఉందేమని అడిగాడు.

"వాన పడింది సార్," అన్నాడు ఓవర్‌సీరు. ఇద్దరి బూట్ల మీదా వేలెడు దుమ్ముంది.

మా తొమ్మిది మంది పనీ నిలిచింది. మరుసటి ఏడు ఇంజనీరు ఇంకో సత్రానికి అవే కొలతలతో తొట్టి కట్టించాడు. తిరుత్తణిలో సరిపోయింది కదా అన్నాడట. అక్కడికి కూడా నన్నే వేశారు. పార, గంప వెంట తీసుకుపోయాను.

పని మానేశాక, యాభై దాటిన వయసులో మనవరాలి పలక మీద అక్షరాలూ అంకెలూ నేర్చుకున్నాను. నేను రాసి చూసుకున్న మొదటి లెక్క ఇదే. నీళ్లు తోడేవాళ్లను అడగకుండా తలకు ఇన్ని గాలన్లని రాయకూడదు. ఇది ఇంజనీరుకు తెలియవలసిన సంగతి. మాకు తెలియవలసింది ఇంకొకటి ఉంది. తప్పును చాటుగా సర్దేస్తే, ఆ తప్పే సరైన లెక్కగా తరువాతి ఊరికి పోతుంది.