ఎర్ర మూత, నీలం మూత

పళ్ళాయన పగలు పళ్ళు కట్టేవాడు, సాయంత్రం విమానాలు కట్టేవాడు. ముందు గదిలో డాక్టరు కొలతలు తీసి పంపితే, వెనక గదిలో కూర్చుని గులాబీ రంగు చిగుళ్ళు పోతపోసి, వాటిలో పళ్ళు వరసగా అమర్చి, అరగదీసి ఇవ్వడం ఆయన ఉద్యోగం. విమానాలు మాత్రం సొంత పిచ్చి. బెండులాంటి తేలిక కర్రతో బారెడు పొడుగు అస్థిపంజరం కట్టి, పైన పల్చటి కాగితం అంటించి, ముక్కున చిన్న ఇంజను బిగిస్తే ఆ బొమ్మ విమానాలు నిజంగానే ఎగురుతాయి. కిందపడితే నిజంగానే విరుగుతాయి. ముప్పై ఏళ్ళలో ఆయన చాలా విరగ్గొట్టాడు. ఒక్కదానికీ ఇంట్లో ఎవరూ అయ్యో అన్న పాపాన పోలేదు.

ఆ మాటకొస్తే ఇంట్లోవాళ్ళకి విమానాల గురించి తెలిసింది ఒక్క వాసనే. కాగితం మీద డోపు అనే ద్రవం పూస్తారు. అది ఆరుతూ కాగితాన్ని డోలు చర్మంలా బిగలాగుతుంది. ఆ పైన రంగు డోపు పూస్తే నిగనిగలాడుతుంది. ఘాటు మాత్రం ముక్కుపుటాలు అదిరేలా ఉంటుంది. "మీ విమానం ఎగిరేదెప్పుడో గానీ, ముందు మేం పైకి పోయేలా ఉన్నాం" అంటూ భార్య కిటికీలన్నీ బార్లా తెరిచేది. కూతురు ముక్కుకి గుడ్డ కట్టుకుని చదువుకుని డిగ్రీ తెచ్చుకుంది. పాపం, పళ్ళాయన వాళ్ళ మెప్పేమీ ఆశించలేదు. "ఎన్ని పూతలు వేశావు?" అని ఆసక్తిగా అడిగే మనిషి ఒక్కడు దొరికితే చాలనుకున్నాడు. ఆ ఒక్కడూ లేక లోలోపల కుమిలిపోయేవాడు.

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఏమిటో కూతురి పెళ్ళిమాటల రోజున తెలిసింది. ఆ పిల్ల తనే ఒక అబ్బాయిని చూసుకుంది. మాట్లాడడానికి వాళ్ళ అమ్మానాన్నా వచ్చారు. తండ్రి బస్సు డిపోలో రంగుల విభాగానికి ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే పళ్ళాయన ముక్కు నిక్కబొడుచుకుంది. ఆయన చొక్కాలోంచి గుప్పుమని డోపు వాసన! ఆయనదీ విమానాల పిచ్చే.

"ఎన్ని పూతలు?" అన్నాడు పళ్ళాయన, కూర్చోమనడం మరిచిపోయి.

"ఆరు. పూతకీ పూతకీ మధ్య గరుకు కాగితం" అన్నాడు ఫోర్‌మన్, నమస్కారం మరిచిపోయి.

ఇక పెళ్ళిమాటలన్నీ ఆడవాళ్ళే మాట్లాడుకున్నారు. మగవాళ్ళిద్దరూ వెనక గదిలో దూరి తలుపేసుకున్నారు. పెళ్ళి తేదీ కూడా తర్వాత భార్యల్ని అడిగి తెలుసుకున్నారు.

తీరా వియ్యంకులయ్యాక వచ్చింది చిక్కు. వియ్యాలవారి మర్యాద ఉందే, అది హరిశ్చంద్రుడి చేత కూడా అబద్ధాలాడిస్తుంది. తను ఒక మాట తూలితే అక్కడ కూతురు మాట పడుతుందేమోనని పళ్ళాయన భయం. తను ఒక మాటంటే మగపిల్లాడి తండ్రినని పొగరనుకుంటారేమోనని ఫోర్‌మన్ భయం. "మీరు ముందు బావగారూ", "అబ్బే, మీరే" అంటూ ఇద్దరూ గుమ్మంలోనే నిలబడిపోతే, కొరియర్ మనిషి వాళ్ళ మధ్యలోంచి దూరి లోపలికెళ్ళి సంతకం పెట్టించుకుని వచ్చేవాడు. ఫోర్‌మన్ తోక వంకరగా అతికిస్తే, "ఎంత వయ్యారంగా ఉందో!" అనేవాడు పళ్ళాయన. పళ్ళాయన విమానం ముక్కు నేలకి కొట్టుకుంటే, "దిగడంలో మీకు మీరే సాటి" అనేవాడు ఫోర్‌మన్. పళ్ళాయన కట్టిచ్చిన పళ్ళు పెట్టుకున్న రోజునా "అద్భుతంగా కుదిరాయి" అనే అన్నాడు. ఇంటికెళ్ళాక ఇద్దరికీ దిగులే. మాట్లాడే మనిషి దొరికాడు గానీ, నిజం మాట్లాడే మనిషి దొరకలేదు.

అందుకే పక్క ఊళ్ళో బొమ్మ విమానాల క్లబ్బు పెట్టే వార్షిక పోటీకి ఇద్దరం కలిసి ఒకే విమానం చేద్దామన్నాడు పళ్ళాయన. పక్కపక్కన కూర్చుని పనిచేస్తే బావగారి మర్యాద అరిగిపోయి స్నేహితుడు బయటపడతాడని ఆయన ఆశ. రెండు నెలలు పనిచేశారు. మర్యాద రవ్వంత కూడా అరగలేదు. విమానం మాత్రం ముచ్చటగా తయారైంది. ఇక రంగు పూయడమే మిగిలింది.

పళ్ళాయన జన్మలో ఎర్ర మూత డబ్బా డోపు తప్ప వాడలేదు. ఫోర్‌మన్ నీలం మూత డబ్బా తప్ప ముట్టలేదు. రెండూ వేరువేరు కంపెనీలవి. ఒక కంపెనీ డోపులో ఇంకో కంపెనీది కలపకూడదని ఈ విద్యలో ఓనమాలు దిద్దినవాడికైనా తెలుసు. ఎవరు దేన్ని దేంట్లో కరిగిస్తారో వాళ్ళకే ఎరుక. రెండూ కలిస్తే ఒకదానికొకటి పడవు.

"మీ నీలం మూతే వాడదాం బావగారూ" అన్నాడు పళ్ళాయన.

"ఎంతమాట! పని మీ ఇంట్లో, డబ్బా నాదా? ఎర్ర మూతే కానివ్వండి."

"వయసులో పెద్దవారు. మీ మాట కాదంటానా?"

"కాదనకండి మరి. ఎర్ర మూతే."

పావుగంట గడిచింది. రెండూ చెరిసగం పోద్దామని ఎవరన్నారో ఇప్పటికీ తేలలేదు. పళ్ళాయన కళ్ళు మూసుకుని ఎర్ర మూతది గిన్నెలో పోశాడు. ఫోర్‌మన్ పళ్ళ బిగువున నీలం మూతది పోశాడు. పుల్లతో తిప్పారు. తిప్పేకొద్దీ గిన్నెలో పాలు విరిగినట్టు తరకలు తేలాయి. ఇద్దరూ వంగి చూశారు.

"బాగా కలిసింది బావగారూ" అన్నాడు పళ్ళాయన.

"వెన్నలా ఉంది" అన్నాడు ఫోర్‌మన్.

బుద్ధున్నవాడైతే ముందు ఒక చెక్కముక్క మీద పూసి చూస్తాడు. కానీ అలా చూడడమంటే బావగారి డబ్బాని శంకించడమే కదా! నేరుగా రెక్కల మీదే పూశారు.

మూడు రోజులైనా అది ఆరలేదు. దుమ్ము పడకుండా పళ్ళాయన దినపత్రిక కప్పితే అది అతుక్కుపోయింది. పీకితే ఎడమ రెక్క మీద పాత మంచం అమ్మకం ప్రకటన అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చయింది. ఫోర్‌మన్ రోజూ సాయంత్రం వచ్చి రెక్క మీద వేలు ఆనించేవాడు. వేలితోపాటు జిగురు తీగ సాగేది. "నిదానంగా ఆరితేనే గట్టిదనం" అని వేలు జేబురుమాలుకి తుడుచుకునేవాడు. నాలుగో రోజున ఎండ కాసేసరికి అంతా ఒక్కసారిగా ఆరింది. ఆరి, కాగితాన్ని ఒకచోట బిగలాగి, ఒకచోట వదిలేసింది. చెవి మెలేసినట్టు ఎడమ రెక్క అంచు పైకి తిరిగింది.

"ఆయనకి చెప్పొచ్చుగా?" అంది భార్య.

"ఏమని? మీ డబ్బా మా విమానాన్ని చెడగొట్టిందనా?"

"మీ డబ్బా కూడా ఉందిగా అందులో."

"నాది పాడుదన్నా ఆయన ఒప్పుకోడే! తప్పంతా తనదేనంటాడు. సిగ్గుపడి రావడం మానేస్తాడు. విమానాలంటే ఏంటో తెలిసినవాడు ఈ ఊళ్ళో నాకు ఆయనొక్కడే."

భార్యకి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. "ఇద్దరికిద్దరే" అని కిటికీ మూసేసి వెళ్ళిపోయింది.

పోటీ రోజు పొద్దున్నే మైదానానికి వెళ్ళారు. ఎవరు వదలాలన్నదాని మీద మళ్ళీ "మీరంటే మీరు" అయ్యింది. చివరికి ఇద్దరూ చెరో రెక్క కింద చెయ్యి పెట్టి వదిలారు. విమానం లేచింది. ఇద్దరి ప్రాణాలూ లేచాయి. చెట్టంత ఎత్తుకి వెళ్ళి ఎడమకి తిరిగింది. తిరిగి, ఇంకా తిరిగి, క్లబ్బు కార్యదర్శి చుట్టూ ప్రదక్షిణాలు మొదలుపెట్టింది. ఒక్కో చుట్టూ చిన్నదవుతోంది, కిందికి దిగుతోంది. మూడో చుట్టులో కార్యదర్శి కాగితాలతో సహా గడ్డిలో బోర్లా పడుకున్నాడు. నాలుగో చుట్టులో విమానం ఆయన కుర్చీని గుద్దుకుని రెండు ముక్కలైంది.

ఇద్దరూ వెళ్ళి చెరో ముక్కా ఏరుకున్నారు.

"గాలి దెబ్బ తీసింది బావగారూ" అన్నాడు ఫోర్‌మన్.

"గాలే" అనబోయాడు పళ్ళాయన. చుట్టూ ఆకు కదలడంలేదు. ఆ అబద్ధం నోరు దాటలేదు. "గాలి కాదండీ. డోపు. కలపకూడదని నాకు తెలుసు."

ఫోర్‌మన్ మొహం కందగడ్డయింది. "తెలుసా? తెలిసి ఎందుకు పోశారు?"

"మీరు బాధపడతారని."

"నేనూ అందుకే పోశాను! డిపోలో ఎవడన్నా ఈ పని చేస్తే వాడి చేత బస్సంతా గీకించేవాణ్ణి, తెలుసా? రెండు నెలల పని! బంగారంలాంటి రెక్క!"

"మరి ఆ రోజు నోట్లో ఏం పెట్టుకున్నారండీ?"

"మీరు కట్టిచ్చిన పళ్ళు!" అని అరిచాడు ఫోర్‌మన్. "ఏడాదిగా పై వరస కుడివైపు గుచ్చుకుని చస్తున్నాను. నమిలితే కళ్ళలో నీళ్ళు!"

"అద్భుతంగా కుదిరాయన్నారుగా!"

"ఇంకేమంటాను? కోడలి తండ్రి కట్టిన పళ్ళయ్యె!"

పళ్ళాయనకి తల తీసేసినట్టయింది. తన చేతి పనికి ఒక మనిషి ఏడాదిపాటు నరకం పడ్డాడు. అయినా, ఎందుకో, గుండెల మీంచి బండ దిగినంత హాయిగా కూడా ఉంది. ఆయన్ని ఇంత ప్రేమగా ఇన్నేళ్ళలో ఎవరూ తిట్టలేదు. జేబురుమాలు పరిచి చెయ్యి చాచాడు.

"తియ్యండి. ఇప్పుడే వెళ్ళి అరగదీస్తాను."

ఫోర్‌మన్ పళ్ళు తీసి రుమాల్లో పెట్టాడు. విమానం ముక్కలు ఒళ్ళో పెట్టుకుని స్కూటరు వెనక ఎక్కాడు. ఎక్కిన దగ్గర్నుంచీ ఎర్ర మూతని, ఆ కంపెనీని, దాన్ని కొన్నవాణ్ణి తిడుతూనే ఉన్నాడు. కానీ నోట్లో పళ్ళు లేవు, ఎదురుగాలి. తుస్సుబుస్సులు తప్ప ఒక్క ముక్కా తెలియడంలేదు.

పళ్ళాయన స్కూటరు పక్కకి తీసి ఆపాడు.

"ఏంటీ? వినపడలేదు బావగారూ. మళ్ళీ తిట్టండి."