ఓడినవాళ్ళు నిజం చెప్పాలి

గుంటూరు మిర్చి యార్డులో ఖాదర్ వలి కంటికి ఉన్న పేరు ఇంకెవరికీ లేదు. టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు తీసి వెలుతురుకి పట్టాడంటే కమీషన్ కొట్టు యజమాని, కొనేవాళ్ళు, టిక్కీలు తెచ్చిన రైతు, అందరూ అతని ముఖం వంకే చూసేవాళ్ళు. "రంగెట్టా ఉంది ఖాదరూ?" అని ఎవరో ఒకరు అడగని రోజు పాతికేళ్ళలో లేదు. అతను మేలురకమంటే మేలురకం, తాలంటే తాలు. తాలంటే రంగు పోయిన కాయ. ఆ మాట పడిందంటే రైతు ఏడాది కష్టం సగానికి పడిపోయినట్టే.

అలాంటి ఖాదర్ వలికి నలభై రోజులుగా ఎరుపు కనపడటం లేదు.

మొదట కాయలు కాస్త మాసినట్టు కనిపించాయి. తర్వాత ఎరుపూ పచ్చా రెండూ ఒకే మట్టిరంగులోకి దిగిపోయాయి. కళ్ళలో కారం పడిందనుకున్నాడు, పడని రోజెప్పుడు గనక. చన్నీళ్ళు కొట్టుకుని ఊరుకున్నాడు. ఎవరితో చెబుతాడు? మార్చిలో టీబీ అని తేలినప్పుడే ఆ సంగతి యార్డులో పొక్కకుండా నానా అవస్థా పడ్డాడు. ఇంకో నెలన్నర మాత్రలు మింగితే ఆ గండం గడుస్తుంది. ఈలోగా కన్ను చెడిందని తెలిస్తే రేపట్నించి రావద్దంటారు. నలభై ఎనిమిదేళ్ళొచ్చాక, కాయ చూడటం తప్ప మరో పని రానివాడు ఎక్కడికి పోతాడు? అందుకని కాయని విరిచి చప్పుడు వినేవాడు, వాసన చూసేవాడు, పక్కవాళ్ళ ముఖాలు చదివి మాట అనేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు నడిచింది వ్యవహారం.

కిందటి వారం ఒక ముసలి రైతు తెచ్చిన కాయని తాలన్నాడు. ఆయన ఖాదర్ వలి ముఖంలోకి కాసేపు చూసి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ చూపు గుర్తొస్తే ఇతనికి అన్నం సహించడం లేదు.

సరిగ్గా అప్పుడే భార్య మస్తాన్‌బీ బెజవాడ ప్రయాణం పెట్టింది. ఆగస్టు పదిహేను శుక్రవారం పడింది, శని ఆదివారాలు ఎటూ యార్డుకి సెలవు. ఆవిడ బ్రాడీపేటలో ఒక కొట్టుకి జాకెట్లు కుడుతుంది. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఫలానా ఊరు తీసుకెళ్ళమని నోరు తెరిచి అడగని మనిషి, ఉన్నట్టుండి మ్యూజియాలు చూద్దామంది. గంటకింతని తీసుకుని ఆటలాడుకోనిచ్చే హాలొకటి ఉందట, ఫోన్లో చూశాను, అక్కడికీ పోదామంది.

ఆట అనేసరికి ఖాదర్ వలి గుండె జారిపోయింది.

మొగుడూ పెళ్ళాలిద్దరికీ లూడో పిచ్చి. సాయంత్రం ఒక ఆట పడందే పొయ్యి వెలగదు ఆ ఇంట్లో. పటం మస్తాన్‌బీ గుడ్డ మీద కుట్టిందే. ఆవిడ కాయలు పచ్చటి పెద్ద కోటు బొత్తాలు, ఇతనివి ఎర్రటి చిన్న చొక్కా బొత్తాలు. వేలికి తగిలితే చాలు, ఏది ఎవరిదో తెలుస్తుంది. అందుకే ఇంట్లో ఇన్నాళ్ళూ గుట్టు నిలిచింది. ఆటకి వాళ్ళు పెట్టుకున్న షరతొకటుంది. ఓడినవాళ్ళు, గెలిచినవాళ్ళు అడిగిన ఒక్క ప్రశ్నకి నిజం చెప్పాలి. అబద్ధమాడితే ఇక జన్మలో ఆట లేదు. ఇరవై రెండేళ్ళలో ఇద్దరూ ఆ షరతు తప్పలేదు. ఈ నలభై రోజుల్లో అతను ఎన్నోసార్లు ఓడాడు. ఓడిన ప్రతిసారీ ఆవిడ ఏమడుగుతుందోనని బిక్కచచ్చిపోయేవాడు. ఆవిడ మాత్రం కూరలో ఉప్పు సరిపోయిందా అనో, మీ అక్క ఫోన్ చేసిందా అనో అడిగి వదిలేసేది.

శనివారం పొద్దున మ్యూజియంలో రాతి బొమ్మలు చూసినంతసేపూ అతను బాగానే ఉన్నాడు. రాతికి రంగుతో పనేముంది? పటాల గదిలోకి వెళ్ళాక వచ్చింది చిక్కు. మస్తాన్‌బీ ఒక బొమ్మ ముందు ఆగి, ఈ చీర రంగుని ఏమంటారండీ అంది. అతను కింద రాసిన చీటీ చదువుతున్నట్టు వంగాడు. అందులో ఏ కాలంనాటిదో తప్ప ఏమీ లేదు. రోజూ గుడ్డలతో ఉండేదానివి, నీకు తెలియంది నాకేం తెలుసన్నాడు. ఆవిడ నవ్వింది. అతను మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు వెనకాలే నడిచాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

మధ్యాహ్నం ఆటల హాల్లో చదరంగం ఆడదామని బతిమాలాడు. ఆవిడ వినలేదు. లూడో పెట్టె తెచ్చి, ఎప్పటిలాగే ఎరుపు అతనికిచ్చి పచ్చ తను తీసుకుంది. అన్నీ ఒకే సైజు ప్లాస్టిక్ కాయలు. అతని కంటికి ఎనిమిదీ ఒకటే మట్టిరంగు.

ఓడిపోతే ఈసారి ఉప్పు సంగతి అడగదని అతనికి ఎందుకో తెలిసిపోయింది. కాయలు ఎక్కడున్నాయో మనసులో లెక్కపెట్టుకుంటూ ఆడాడు. మూడు కాయలు పండించాడు. తర్వాత ఆవిడ అతని నాలుగోదాన్ని చంపి పక్కన పెట్టడం, తన కాయని ముందుకు జరపడం, ఆ హడావుడిలో లెక్క తప్పింది. తన ఇంటి వాకిట్లో ఉన్న కాయ తనదేననుకున్నాడు. ఆరు పడింది. అల్లా మీద భారం వేసి దాన్ని లోపలికి జరిపాడు.

"మీరే గెలిచారండి," అంది మస్తాన్‌బీ.

అతనికి ప్రాణం లేచొచ్చింది. నవ్వుతూ, అయితే నిజం చెప్పు, మ్యూజియం నచ్చిందా లేదా అన్నాడు. ఆవిడ నవ్వలేదు.

"ఆ ప్రశ్న వద్దు. ఓడినదాన్ని, నిజం చెప్పాల్సింది నేను. మీరు ఇప్పుడు పండించింది నా పచ్చ కాయండి."

ఖాదర్ వలి చెయ్యి పటం మీదే ఉండిపోయింది.

మిగతాదంతా ఆవిడే చెప్పింది. ఐదు రోజుల కిందట అతను పండినవనుకుని కిలో పచ్చి టమాటాలు తెచ్చాడు. చీకట్లో చూసుకోలేదన్నాడు. ఆవిడకి మార్చి నెల గుర్తొచ్చింది. మాత్రలిచ్చిన రోజు అతను బయట దగ్గుతూ నిలబడితే, నర్సమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ ఆవిడే వింది. ఇంటికొచ్చి చెప్పింది కూడా. అతను ఊ కొట్టి మరిచిపోయాడు. ఈ మాత్రల్లో ఒకటి కొందరికి కళ్ళకి పడదు, రంగులు తేడాగా కనిపిస్తే ఆ రోజే రావాలి, వెంటనే ఆపితే చూపు మళ్ళీ రావచ్చు, ఆలస్యం చేస్తే చెప్పలేమంది నర్సమ్మ. అది తేల్చుకోడానికే ఆవిడ ఈ ప్రయాణం పెట్టింది.

నలభై రోజులు. కన్ను పోయిందని తెలిస్తే పని పోతుందని దాచుకున్నాడు. దాచుకుని, ఆ కంటిని తినేసే మాత్రనే రోజూ పొద్దున్నే ఒక్క పూట తప్పకుండా మింగాడు. ఇవాళా మింగాడు.

"ఇంట్లోనే అడగొచ్చుగా, మస్తానూ."

"అడిగితే లేదనేవాళ్ళు. మీరు లేదంటే నేను నమ్మేసేదాన్ని. నాకు నమ్మాలనే ఉంది."

ఆవిడ సంచిలోంచి అతని మందుల కార్డు తీసి పటం పక్కన పెట్టింది.

దాని మీదున్న నంబరుకి ఆవిడే ఫోన్ చేసింది. అవతలి నర్సమ్మ కేకలేయలేదు, అదే ఇంకా భయపెట్టింది. రేపటి మోతాదు వేసుకోవద్దని, ఇప్పుడే బయల్దేరి రమ్మని, డాక్టరుకి చెప్పి ఉంచుతానని చెప్పింది. చూపు వస్తుందా అని మస్తాన్‌బీ అడిగింది. ముందు రండమ్మా అంది అవతలి గొంతు.

ఆదివారం చూద్దామనుకున్న రెండో మ్యూజియం మాట ఇద్దరూ ఎత్తలేదు. మస్తాన్‌బీ కాయలన్నీ పెట్టెలో సర్దుతుంటే ఖాదర్ వలి ఒకటి తీసుకుని కిటికీ వెలుతురుకి పట్టుకున్నాడు, యార్డులో పట్టుకున్నట్టే. అటూ ఇటూ తిప్పి చూశాడు. పాతికేళ్ళుగా లోకం తనని అడిగిన మాట, తను ఎన్నడూ ఎవరినీ అడగనిది, మొదటిసారి నోరు తెరిచి అడిగాడు.

"ఇదేం రంగు?"

"ఎరుపండి," అంది మస్తాన్‌బీ. "మీదే."