బర్మారు కడిగిన నీళ్లు

మా మనవరాలు తన చంటిదాని పాలసీసాలో మరిగే నీళ్లు పోసి, పొడుగాటి కుచ్చు బ్రష్షు దూర్చి పైకీ కిందికీ ఆడించి, వెలుతురుకెత్తి ఒక కన్ను మూసి లోపలికి చూస్తుంది. పిల్ల చేసేది మంచి పనే. కానీ ఆ ఒంటికన్ను చూపు చూసినప్పుడల్లా లేచి వాకిట్లోకి పోయి కూర్చుంటాను. ముసలిదానికి చాదస్తం ముదిరిందనుకుంటారు ఇంట్లోవాళ్లు. అనుకోనీ. దొరలు గడీల్లో ఉండి ఊళ్లేలిన కాలం ఎరిగిన నా ఈడువాళ్లు మీరైనా వింటారని చెబుతున్నాను.

నన్ను నడిగూడెం దగ్గరి ఊరికిచ్చారు. అత్త లేని ఇల్లు. మామ, నా పెనిమిటి, నేను. మామకు దొర అంటగట్టిన వెట్టి ఒకటుండేది, బర్మారు కడగడం. మూతిలోంచి మందు పోసి, సీసపు గుండ్లు వేసి, గజమనే ఇనుపచువ్వతో దట్టించి కాల్చే తుపాకి అది. కాల్చాక లోపల పేరుకున్న మసిని కడిగితే కుళ్లిన గుడ్డు కంపు కొడుతుందని దొరసాని గడీలో కడగనిచ్చేది కాదు, అందుకని ఆ కంపంతా మా ఇంటికొచ్చేది. మందులో సూరేకారముంటుంది, అది ఉప్పులాగే చెమ్మ పీల్చి తెల్లారేసరికి ఇనుమును తినేస్తుంది కనుక, తుపాకి వచ్చిందంటే మామ కంచం ముందు నుంచైనా లేవాల్సిందే. నేను నీళ్లు మరగబెడితే, ఆయన గొట్టం అడుగున ఉండే బెజ్జానికి పుల్ల బిగించి, నీళ్లు పోసి, కుదిపి, వంపి, తేటనీళ్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ పోసి, గజానికి చుట్టిన గుడ్డతో తుడిచి, ఆ వేడి మీదే ఆముదం పట్టించి, మూతికి పేలిక దోపేవాడు. మర్నాడు దొర తెల్లగుడ్డ దూర్చి చూసేవాడు. ఒకసారి ఆ గుడ్డకు ఆవగింజంత తుప్పు అంటిందని మామను గడీ ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టించాడు. ఆ తర్వాత ఆయన నడుము నిటారుగా నిలబడగా నేను చూడలేదు.

అయినా ఆ పాడు పనిలోనూ మాకొక ఆశ ఉండేది. దొర అడవిపందిని కొడితే, మురికి తుపాకి వెంట గడీ మనిషి మోదుగాకులో ఇంత మాంసం కూడా తెచ్చేవాడు. తుపాకి మోత వినబడితే నాకు నోరూరేది, సిగ్గెందుకు.

మా పుట్టినిల్లు మోతె. మా తమ్ముడు మీసం సరిగ్గా రాకముందే వెట్టి చెయ్యొద్దని ఊరూరా తిరిగి చెప్పేవాడు. నోటికి హద్దుండేది కాదు. మా ఇంట్లో అన్నం తింటూ మా మామనే, దొర తుపాకి దొరనే కడుక్కోమనరాదా అని వేళాకోళమాడాడు. మామ కోపం చెయ్యకుండా వాడికి ఇంకింత అన్నం పెట్టమని నాకు సైగ చేశాడు.

నిజాం మీదికి సైన్యం రాకముందటి మాట ఇది. నా పెనిమిటి దొర వడ్లబండి కట్టుకుని మిర్యాలగూడ పోయి ఉన్నాడు. దీపాలు పెట్టే వేళకు గడీ మనిషి వచ్చి తుపాకిని అరుగుకు ఆనించాడు. మూతి నల్లగా ఉంది. అతని చేతులు ఖాళీగా ఉన్నాయి. వయసు తుంటరితనం, అడిగేశాను.

"తుపాకి వచ్చె. మాంసమేది?"

అతను నవ్వాడు. మామ నవ్వలేదు. తుపాకి మూతి వాసన చూసి, ఆ మనిషి మొహం చూసి, నీళ్లు పెట్టు బిడ్డా అన్నాడు. పెట్టాను. ఎన్నడూ లేనిది ఆ మనిషి కడగడం అయిపోయేదాకా మా వాకిట్లోనే నిలబడ్డాడు.

తెల్లవారాక మోతె దారిలో జొన్నచేను గట్టున మా తమ్ముడు దొరికాడు. ఛాతీ నిండా సీసపు గుండ్లు.

ఆ చుట్టుపక్కల బర్మారు ఉన్నది దొర ఒక్కడి దగ్గరే. మా నాయన శవాన్ని బండిలో వేసుకొచ్చి గడీ ముందు కూర్చుంటే, ఆనాటి పోలీసు అధికారి, అమీను, వచ్చాడు. తుపాకి తెప్పించి, తెల్లగుడ్డ దూర్చి లాగి, పదిమందికీ ఎత్తి చూపించాడు. ఆముదం జిడ్డు తప్ప మచ్చ లేదు. అప్పుడు మామను పిలిచి, ఇది ఎప్పుడు కాలిందో చెప్పమన్నాడు. ఆ ఒక్క మాట చెబితే దొర చిక్కేవాడు. మా నాయన వియ్యంకుడి నోటి వైపే చూస్తున్నాడు. ఆడవాళ్ల మధ్య నిలబడి నేను మామ చేతులు చూశాను. గొట్టం తేటగా కడగొచ్చు గానీ, కడిగినవాడి గోళ్ల సందుల్లో మసి అంత తొందరగా పోదు. మామ ఆ చేతులు చంకల్లో దాచుకున్నాడు.

"పోయిన దసరాకు కాలింది, బాంచెన్. మల్ల నేను కడగలే."

అమీను గడీలో భోజనం చేసి వెళ్లిపోయాడు. మా నాయన బండి తిప్పుకున్నాడు, నేనూ ఆ బండి వెంటే నడిచాను.

కర్మ ముగిసి నేను తిరిగొచ్చిన సాయంత్రమే, పెనిమిటి ఇంకోసారి దొర బండి తోలుకుపోయి ఉండగా, గడీ మనిషి మళ్లీ వచ్చాడు. ఒక చేతిలో మురికి తుపాకి, ఇంకో చేతిలో నెత్తురోడే మోదుగాకు పొట్లం. దాన్ని తిన్నగా నా ముందు పెట్టాడు.

"నువ్వు మాంసమడిగినవని చెప్పిన. దొర యాది పెట్టుకొని పంపిండు."

మామ తలెత్తలేదు. నేను నీళ్లు పెట్టాను. పెట్టకపోతే మళ్లీ ఆయన వీపు మీదికి బండ వస్తుంది. తుపాకి కడిగి, ఆముదం రాసి, ఆ మనిషి వెళ్లాక మామ పొట్లం తీసుకుపోయి దొడ్డి అవతల కుక్కలకేశాడు. ఆ పూట ఇద్దరం అన్నం ముట్టలేదు. ఆయన పోయేదాకా, అమీను ముందాడిన ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లోపల మాత్రం ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు.

ఇప్పుడు గడీ కూలిపోయి వడ్ల గోదాము లేచింది. దొర మనవలు మా ఇంటి పెళ్లిళ్లకొచ్చి మా పక్కనే కూర్చుని తింటారు, మర్యాదస్తులే. వెట్టి అంటే ఏమిటని మా పిల్లలు అడుగుతుంటే, అడగాల్సిన రోజు వచ్చినందుకు సంతోషంగానే ఉంటుంది. నిన్న మనవరాలు సీసా నా చేతికిచ్చి, శుభ్రంగా ఉందేమో చూడమంది. వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూశాను. అద్దంలా ఉంది. బాగుంది బిడ్డా అని సీసా తిరిగిచ్చేసి, దాని గోళ్లు చూశాను.